వాకిలి కాడి పొగడ

హంద్రీ పొంగి కోడుమూరు సంతబజారు మునిగిన మూడో ఏడు అది.

జమేదారు గోపన్న ఇద్దరు బంట్రోతులతో రసూల్ సాహెబ్ ఇంటి ముందర దిగినాడు. ఎద్దులబండిలో ఖాళీ పీపా ఒకటుంది.

"కర్నూల్లో దొరసానికి వరండాలో పెట్టుకునేదానికి పూలచెట్టు కావాలంట. నీకాడ లేత పొగడచెట్లు రెండుండాయి కదా. ఒకటి తవ్వి పీపాలో పెట్టు."

రసూల్ సాహెబ్ ఎప్పుడూ నాలుగు మాటలు మించి మాట్లాడడు. ఆ రోజు మాట్లాడినాడు.

"ఆ స్నానాల బండ కాడిది తీసుకపో అప్పా. ఈ వాకిలి కాడిది ముట్టొద్దు."

"ఏం, దీనికి బంగారం కాస్తాదా?"

"వరదొచ్చిన దినం నా మనవరాలు అబీదా పుట్టింది. దానికి ముందు ముగ్గురు పుట్టి పోయినారు. మంత్రసాని మల్లక్క బిడ్డ మావిని పూడ్చి, దాని మీద చెట్టు నాటించింది. చెట్టు పెరికితే బిడ్డ దక్కదనింది."

గోపన్న నవ్వినాడు. "నువ్వు వద్దనే కొద్దీ నాకు ముద్దొస్తాండాది సాహెబ్. దీన్నే తవ్వు."

"చెయ్యి ఇరిచినా తవ్వను."

రసూల్ సాహెబ్ చెట్టును కరుచుకున్నాడు. చెర్నాకోల వీపు మీద పడింది. వదల్లేదు. మళ్లీ పడింది. బంట్రోతులు రెక్కలు పట్టి ఈడ్చి పక్కన పడేసినారు.

కూతురు జులేఖా బీ పిల్లను చంకనేసుకుని గడపలో నిలబడింది.

బంట్రోతులే తవ్వినారు. వేళ్ల మట్టి రాలకుండా గోనెపట్టా చుట్టి, చెట్టును పీపాలో దించినారు. చుట్టూ మట్టి కూరి నీళ్లు పోసినారు. బండి కర్నూలు దారి పట్టింది.

ఎదురింటి సుంకన్న వచ్చి సాహెబ్‌ను లేపి కూర్చోబెట్టినాడు.

"దెబ్బలకు దెబ్బలూ తింటివి, చెట్టుకు చెట్టూ పాయె. ఎవరైనా వద్దంటే గోపన్న దాన్నే పట్టుకపోతాడని ఊరంతా తెలుసు. నీకు తెల్దా?"

"తెలుసు."

ఆ ఒక్క మాటే అని సాహెబ్ లోపలికి పోయినాడు.

మరుసటి పొద్దున, వాచిన వీపుతోనే బావి నుంచి కడవెడు నీళ్లు మోసుకొచ్చి, స్నానాల బండ కాడ, అబీదా మావి మీద నిజంగా నాటిన ఆ రెండో చెట్టు మొదట్లో కుమ్మరించినాడు.