పక్కన కూర్చునేవాళ్ళు

"గులాబీ మేడమ్ మళ్ళీ దిగింది" అంది అశ్విని నవ్వుతూ.

రత్తమ్మ తలెత్తలేదు. అంటు కట్టే చాకు మాత్రం ఆమె చేతిలో ఒక్క క్షణం ఆగింది.

కడియంలోని ఆ నర్సరీకి ఆవిడ వారం వారం వచ్చేది. యాభై దాటిన మనిషి, నూలు చీర, భుజాన గుడ్డసంచి. వచ్చినప్పుడల్లా ఒక్కటంటే ఒక్క గులాబీ మొక్క కొనేది. దానికి గంటసేపు బేరం. ఆ బేరమంతా రత్తమ్మతోనే.

అది బేరం కాదని, ఆవిడ ఆసుపత్రి తరఫున వస్తోందని రత్తమ్మ ఒక్కదానికే తెలుసు.

"మందులు వేసుకుంటున్నావా అమ్మా?" ఆకులు తిప్పి చూస్తూ గొంతు తగ్గించి అడిగింది ఆవిడ.

"వేసుకుంటున్నానండి."

"ఇంట్లోవాళ్ళకి పరీక్షలయ్యాయి, సరే. మరి ఇక్కడ? రోజంతా నీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

"ఎవరూ లేరండి."

పచ్చి అబద్ధం. అంట్లకు గాలి తగలకూడదని నాలుగు వైపులా పాలిథిన్ కట్టేసిన షెడ్డు అది. అందులో ఒకే గోనెపట్టా మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా రత్తమ్మ, అశ్విని. వెనకే చీర ఉయ్యాలలో అశ్విని కూతురు, పది నెలల పిల్ల. ఏడిస్తే ఎత్తుకునేది రత్తమ్మే.

తనకు టీబీ అని తెలిస్తే మేస్త్రీ సత్తియ్య గేటు దాటనివ్వడు. అది పోనీలే అనుకున్నా, అశ్విని ఆ పిల్లను మళ్ళీ తన చేతికివ్వదు. రత్తమ్మ అసలు భయం అదే.

"పసిపిల్లలుంటే మరీ ప్రమాదం తల్లీ. ముందే మందు వేస్తే గండం తప్పుతుంది. నీ పేరు బయటికి రాదు, నాది పూచీ."

"లేరని చెప్పానుగా!"

ఆవిడ అశ్విని కూర్చున్న చోటునే చూస్తూ నిలబడింది. రెండేళ్ళ కిందట ఆ చోట హారతి ఉండేది. ధవళేశ్వరం నుంచి ఆటోలో వచ్చేది. పెళ్ళయి తణుకు వెళ్ళిపోయిందన్నారు. ఒక్క మాటైనా చెప్పకుండా పోయిందని రత్తమ్మకు ఇప్పటికీ కోపమే.

ఆ సాయంత్రం రత్తమ్మ మేస్త్రీ చెవిన వేసింది.

"ఆవిడ మొక్కల కోసం రావట్లేదండి. అంట్లు కట్టేవాళ్ళని వేరే నర్సరీకి లాక్కుపోడానికి వస్తోందండి."

కడియంలో అంతకు మించిన నేరం లేదు. మరుసటి వారం సత్తియ్య గేటు దగ్గరే అందుకున్నాడు.

"ఇంకోసారి కనబడ్డారంటే మర్యాద దక్కదండి!"

నిజం చెబితే ఆవిడ పరువు నిలిచేది. చెప్పలేదు. రత్తమ్మ వైపు ఒకసారి చూసి, తల వంచుకుని వెళ్ళిపోయింది.

హమ్మయ్య అనుకుంది రత్తమ్మ.

నెల తిరక్కుండానే ఉయ్యాల ఖాళీ అయింది. పిల్లకు జ్వరం. పది రోజులైనా దిగలేదు. రాజమండ్రిలో ఆసుపత్రిలో చేర్చారు.

అశ్విని ఫోన్‌లో భోరుమంది. "మెడ బిగుసుకుపోయిందక్కా. దగ్గరలో ఎవరికైనా టీబీ ఉందా అని డాక్టర్ గారు ఒకటే అడుగుతున్నారు. మాకెవరికీ లేదు కదా, ఏం చెప్పను?"

రత్తమ్మ చాకు అక్కడే పడేసి పరుగెత్తింది. డాక్టరుకు అంతా చెప్పింది.

"ఈ మాట నెల కిందట చెప్పాల్సిందమ్మా" అన్నాడాయన. మందు మొదలుపెట్టారు. పిల్ల కళ్ళు తెరవలేదు.

అశ్విని పిల్ల మంచం వైపు తిరిగి కూర్చుంది. తిట్టినా బాగుండేది.

ఇక ఆ గులాబీ మేడమ్ కాళ్ళ మీద పడాలనిపించింది రత్తమ్మకు. తనకు మందులిచ్చే నర్సును అడిగింది.

"ఆవిడకి ఇక్కడ ఉద్యోగమేం లేదు. జీతం లేకుండా తిరుగుతారు. మమ్మల్ని బతిమాలి మరీ చేరారు" అంటూ నర్సు ధవళేశ్వరంలో ఇంటి గుర్తులు చెప్పింది.

కాలవ గట్టున ఒంటిగది. మెట్ల మీద వరసగా గులాబీలు, అన్నీ రత్తమ్మ కట్టిన అంట్లే.

"తప్పయిపోయిందమ్మా" అంటూ గుమ్మం దాటిన రత్తమ్మ గోడ మీద దండ వేసిన ఫొటో చూసి నిలబడిపోయింది.

హారతి.

"మా అమ్మాయే. పెళ్ళి మాట నేనే పుట్టించాను. టీబీతో పోయింది" అంది ఆవిడ. "నీ కూతురి పక్కన ఎవరు కూర్చుంటారని అప్పుడు ఆసుపత్రిలో నన్నూ అడిగారమ్మా. పరువు పోతుందని, ఎవరూ లేరన్నాను."

రోజూ ఇంటికొచ్చి హారతి మురిసిపోతూ చెప్పిన పేరు, ఆ రోజు ఆ తల్లి నోరు దాటని పేరు, రత్తమ్మదే.