పదిహేడో జంట

“నంబర్లు తారుమారు చేశావు,” అన్నారు ప్రొఫెసర్ శశిధర్, కాగితాన్ని కిరణ్మయి ముందుకు తోస్తూ.

“లేదు సార్. జాగ్రత్తగానే రాశాను.”

“కేన్సర్ పేషెంటు పిడికిలి బలం మూడు నెలల్లో ఇరవై మూడు కిలోల నుంచి ఇరవై ఏడుకు పెరిగిందట. ఏ జబ్బూ లేని మనిషిది ఇరవై నుంచి పధ్నాలుగుకు పడిందట. సిల్క్ బోర్డ్ సిగ్నల్ ట్రాఫిక్‌లో కూడా ఇంత రాంగ్ రూట్ చూళ్ళేదమ్మా నేను.”

కేన్సర్ వచ్చినవాళ్ళకు కండ ఎందుకు కరిగిపోతుందన్నది ఆ ల్యాబ్‌లో పరిశోధన. ఇరవై జంటలు. ఆలుమగల్లో ఒకరు పేషెంటు, రెండోవారు పోల్చి చూడ్డానికి. ఎవరు ఎవరో కొలిచేవాళ్ళకు చెప్పరు. కాగితం మీద పేర్లు కూడా ఉండవు, నంబర్లే; ఏది పేషెంటు నంబరో ప్రొఫెసర్‌కే తెలుసు. కొలిచింది కిరణ్మయి. ల్యాబ్‌లో ఉన్నది ఒకటే పీహెచ్‌డీ సీటు, దానికి పోటీ పడుతున్నది ఆమె, స్టాన్లీ. ఆ రోజు పొద్దుట్నుంచీ స్టాన్లీ ఆమెకు రెండుసార్లు కాఫీ తెచ్చిపెట్టాడు.

“ఈ పదిహేడో జంటను రప్పించు. నా కళ్ళెదుట కొలువు. తప్పు నీదైతే సీటు స్టాన్లీకి.”

మర్నాడు హొసకోటె నుంచి అంజినప్ప, అంజినమ్మ వచ్చారు. అంజినప్ప భార్య మోచెయ్యి పట్టుకుని నడిపించి, ఉన్న ఒక్క కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి తాను నిలబడ్డాడు. ఆమె బుగ్గలు లోపలికి పోయాయి. రవిక భుజాల మీద నిలవడం లేదు. ఆయన చొక్కాకు మాత్రం పొట్ట దగ్గర గుండీ బిగుతైంది.

కిరణ్మయి తన పాత కాగితం మళ్ళీ తీసి చూసుకుంది.

పిడికిలి యంత్రాన్ని అంజినమ్మ పళ్ళు బిగించి నొక్కింది. పధ్నాలుగు. అంజినప్ప నొక్కాడు. ఇరవై ఎనిమిది.

“కాగితాలెందుకు, మనుషుల్ని చూస్తే తెలీదూ?” అన్నారు ప్రొఫెసర్.

“సారీ సార్,” అంది కిరణ్మయి.

ఆయన అంజినమ్మ వైపు తిరిగారు. “సరిగ్గా తింటున్నావామ్మా?”

“గొంతు దిగదు సార్.”

“గుడ్లు తినమన్నాం కదా?”

“అవి ఈయప్పకే పెడతా.”

“పాలు?”

“ఈయప్పకే.”

“మేమిచ్చిన ప్రోటీన్ పొడి?”

“నాకెందుకు సార్ అది? రోజూ మూడు పూటలా ఈయప్పకే కలిపిస్తాండా.”

ప్రొఫెసర్ కళ్ళజోడు తీశారు. “ఏమయ్యా, సిగ్గుగా లేదూ? నోటికాడి కూడు లాక్కుని నువ్వు కండలు పెంచుతున్నావా?”

“వద్దంటే ఇనదు సార్,” అన్నాడు అంజినప్ప నేల చూస్తూ. “నేను తినకుంటే ఏడుస్తాది. సగం నువ్వు తినవే అంటే, తిన్నా పోప్పా అంటాది. ఎప్పుడు తినిందో నేనైతే చూళ్ళేదు.”

“చూళ్ళేదట! స్టాన్లీని పిలువమ్మా.”

కిరణ్మయి లేచి తలుపు దాకా వెళ్ళింది.

“ఏమయ్యా, పేషెంటును పస్తు పెట్టి ఇంటాయన తినడం ఎక్కడైనా ఉందా?” అన్నారు ప్రొఫెసర్.

అంజినప్ప తలెత్తాడు.

“పేషెంటు నేను సార్.”