చాదస్తం గారి కామెంట్లు

తెర మీది కోడు చూసి ఆ అమ్మాయి ముక్కు మూసుకున్నంత పని చేసింది.

“ఛీ! రాసింది మనిషేనా?”

“ఏమైందే?” పక్క సీటావిడ తొంగిచూసింది.

“చూడక్కా. డిస్కులో ఒక్కో గడి ఎంతుండాలో చెప్పే అంకె ఒక్కటే. దాన్ని ప్రతి ఫైల్లోనూ మళ్ళీ మళ్ళీ రాశాడు. పైగా లైనుకో కామెంటు. ‘ఇక్కడ చదవడం మొదలు’, ‘చదవడం అయింది, కింద రాయడం’... పొయ్యి మీద ‘ఇది పొయ్యి’ అని చీటీ అంటించినట్టు!”

కంప్యూటర్ని డిస్కుతో మాట్లాడించే డ్రైవరు అది. దాన్ని శుభ్రం చేసే పని ఆమెకు అప్పగించారు.

రాసినాయన ఇప్పటికీ ఇంటి నుంచే పనిచేస్తున్నాడు. ఆయన్ని చూసినవాళ్ళెవరూ ఇప్పుడా ఆఫీసులో లేరు. అందరికీ గొంతే తెలుసు. పెట్టిన పేరు చాదస్తం గారు.

మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశాడు.

“అమ్మా, ఆ అంకెలు ఎక్కడివక్కడే ఉండనివ్వు. కామెంట్లు కూడా. అవి లేకపోతే నేనిక పనిచేయలేను.”

“ఆ అంకెను ఒక్క ఫైల్లోనే పెడతాను సార్. కావాలంటే వెళ్ళి చూసుకోవచ్చు.”

“అంత దూరం వెళ్తే తిరిగి రావడం కష్టమమ్మా.”

దూరమట! ఫోన్ పెట్టేశాక ఆమెకు ఒళ్ళంతా చీదర పుట్టింది.

“తను పోసిన చెత్త మీద ఎంత మమకారమో!”

“పెద్దాయన కదే. కాస్త ఆగి చూడు.”

“ఆగితే ఈ కంపు భరించాల్సింది నేను.”

సాయంత్రానికల్లా అంతా ఊడ్చేసింది.

“అద్దంలా ఉంది,” అన్నాడు మేనేజరు.

ఆ తర్వాత చాదస్తం గారి నుంచి పని రావడం ఆగిపోయింది. నెల తిరక్కుండానే రాజీనామా వచ్చింది.

ఆయన ఇల్లు ఆమె వెళ్ళే దారిలోనే కదా అని, ఆఫీసు సామాను తెమ్మని ఆమెనే పంపారు.

ఆయన భార్య తలుపు తీసింది.

బల్ల కింద కంప్యూటరు డబ్బా. బల్ల మీద హెడ్‌ఫోను, అక్షరాలు అరిగి నున్నబడిన కీబోర్డు. అంతే.

“తెర ఏదండీ? అదీ ఆఫీసుదే.”

“అటక మీదుందమ్మా. ఇచ్చిననాటి నుంచీ పెట్టె విప్పలేదు.”

“విప్పనేలేదా?” ఆమె మొహం చిట్లించింది. “మరి ఇన్నేళ్ళూ ఏం చేశారు?”

“కంప్యూటరు ఒక్కో లైనూ చదివి వినిపిస్తుంటే, విని చేశారమ్మా.”

లోపలి గదిలోంచి ఆయన గోడను వేళ్ళతో తడుముకుంటూ వచ్చి, ఆమె గొంతు వినబడిన వైపు మొహం తిప్పి, “శుభ్రం చేసిన అమ్మాయివి నువ్వే కదూ?” అన్నాడు.