తిరిగి విసిరెయ్!

"ఒరేయ్ పదిహేడూ! కాళ్ళకి మేకులు కొట్టారా? కదులు!"

ఆ అరుపుకి చుట్టుపక్కల బల్లల వాళ్ళంతా తిరిగి చూశారు. అరిచింది వెర్నా. యాభై దాటిన మనిషి. చికాగో జట్టు నీలం టోపీ, నీలం చొక్కా, రెండూ కొత్తవే. బేస్‌బాల్ మైదానం చివర, అవుట్‌ఫీల్డ్ గోడ వెనక, వీపు ఆన్చుకునే వీలు కూడా లేని బల్ల మీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఒంటరిగా కూర్చుంది.

చికాగోలో ఆ గోడ వెనక కూర్చునేవాళ్ళకి మర్యాదంటే ఏమిటో తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. గోడకి అటుపక్క గడ్డిలో నిలబడే అవతలి జట్టువాడికి ఆ మూడు గంటలూ నరకమే. ఆ రోజు దొరికినవాడు సెయింట్ లూయిస్ జట్టు కుర్రాడు ప్రూయిట్. వీపు మీద అంకె పదిహేడు. పెద్ద లీగ్‌లోకి వచ్చి తొమ్మిది రోజులైంది, అంతే.

"శభాష్ అక్కా!" అన్నాడు వాల్ట్. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళుగా అదే బల్ల. అక్కడ తిట్లకి ఆయనే పెద్ద. "నిన్నెప్పుడూ ఇక్కడ చూళ్ళేదే?"

"తిట్టడానికి కొత్తా పాతా ఏముంది?" అంది వెర్నా. మళ్ళీ గొంతెత్తింది. "మోకాళ్ళు వంచరా! పెళ్ళికొచ్చినట్టు నిలబడ్డావేంటి? కళ్ళల్లో ఎండ పడుతోంది, ఆ నల్లద్దాలు దించుకో, మొద్దూ!"

బల్లలన్నీ పగలబడి నవ్వాయి. వాల్ట్‌కి హుషారొచ్చింది.

"నిన్ను కన్నదానికి వేరే పనేం లేకపోయిందట్రా?" అని అరిచాడు.

మళ్ళీ నవ్వులు. వెర్నా మాత్రం మొహం గంటు పెట్టుకుంది.

"ఆడేది వాడు. వాణ్ణి తిట్టండి చాలు."

ఆట చివరికొచ్చాక, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కొంప మునిగింది. మన చికాగోవాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు. బ్యాటు పట్టుకుని ఆ ప్రూయిటే వచ్చాడు. వాళ్ళవాడే ఇంకొకడు పరుగుకి సిద్ధంగా బేస్ మీదున్నాడు. రెండో బంతికే లాగి కొట్టాడు. బంతి గోడ దాటొచ్చి, వెర్నాకి రెండు బల్లల దిగువన కూర్చున్న డెనిస్ అనేవాడి గ్లవ్‌లో పడింది.

అందరూ ఒకేసారి లేచారు.

"విసిరెయ్! తిరిగి విసిరెయ్!"

అవతలివాడు గోడ దాటించిన హోమ్‌రన్ బంతిని అక్కడ ఎవరూ ఉంచుకోరు. ఎంగిలి కింద లెక్క. మైదానంలోకి తిరిగి విసిరికొడతారు. ఉంచుకున్నవాడి గతి అధోగతి.

డెనిస్ ఉంచుకునే రకం.

"ఎందుకు విసరాలి?" అన్నాడు తాపీగా. "ఇది వాడి తొలి హోమ్‌రన్. ఇలాంటి తొలి బంతులు మా ఇంట్లో పదకొండున్నాయి. ఇది పన్నెండోది. ఆ కుర్రాడే వచ్చి కాళ్ళు పట్టుకున్నా ఇవ్వను."

వెర్నా బల్లలు దాటుకుంటూ దిగొచ్చింది. మొహం జేవురించింది.

"విసురు."

"మధ్యలో నీకేంటి నొప్పి?"

"వాడి ఎంగిలి మా బల్లల మీద ఉండటానికి వీల్లేదు. విసురు!"

"విన్నావట్రా సిగ్గులేనోడా!" వాల్ట్ గొంతు బొంగురుపోయింది. "ఇవాళొచ్చిన ఆవిడకున్న పౌరుషం నీకు లేదు!"

వెనక నుంచి ఎవరో డెనిస్ నెత్తిన బీరు కుమ్మరించారు. వేరుశనగ తొక్కలు వచ్చి పడ్డాయి. ఎవడో టోపీ లాగేశాడు.

"సరే, సరే! చావండి!" అంటూ డెనిస్ సంచిలోకి వంగాడు. లేచి బంతి ఉన్న చెయ్యి పైకెత్తాడు. జనం ఈలలు మొదలుపెట్టారు.

వెర్నా ఆ మణికట్టు పట్టేసుకుంది.

"ఇది కాదు."

"ఏంటి కాదు?"

"ఇది కొత్త బంతి. బ్యాటు దెబ్బ తిన్న మచ్చేది? అసలుది నీ సంచిలో ఉంది. తియ్యి."

నిజం చెప్పాలంటే, ఏదో ఒక బంతి మైదానంలో పడితే అక్కడివాళ్ళు చల్లబడిపోతారు. అది అసలుదా కాదా అని ఎవరూ చూడరు. డెనిస్ సంచిలో మారుబంతి పెట్టుకు తిరిగేది అందుకే. కానీ మోసం ఇలా బయటపడ్డాక వాల్ట్ ఊరుకుంటాడా?

"మా మొహం మీదే మోసం చేస్తావురా?" అంటూ కాలరు పట్టుకున్నాడు. కింద నుంచి ఇద్దరు కాపలావాళ్ళు మెట్లెక్కి వస్తున్నారు. మరో నాలుగు చేతులు డెనిస్ మీదకి వచ్చాయి. భయపడి రెండో బంతి తీశాడు.

వెర్నా వంగి చూసింది. బంతి ఒక పక్క నల్లగా కమిలి ఉంది.

"ఊఁ. ఇదే. విసురు."

విసిరాడు. గడ్డిలో పడింది. మన ఆటగాడు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, అవతలి జట్టు కూర్చునే వైపు గిరాటేశాడు. బల్లలు దద్దరిల్లాయి. అక్కడ ఒకతను బంతిని అందుకుని లోపలికి తీసుకెళ్ళేదాకా వెర్నా నిలబడే ఉంది. తర్వాత ఉన్నచోటే కూలబడింది.

"రేపు కూడా రా అక్కా," అన్నాడు వాల్ట్. "నా పక్కన చోటు ఉంచుతా."

"చూద్దాం," అంది.

ఆట ఓడిపోయాం. అందరూ ప్రూయిట్‌ని తిట్టుకుంటూ రైలు స్టేషను వైపు నడిచారు. వెర్నా మాత్రం స్టేడియం చుట్టూ తిరిగి, అవతలి జట్టు బస్సు ఆగే వెనక గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

గంట తర్వాత బస్సెక్కబోతున్న ప్రూయిట్ ఆమెను చూసి ఆగి, ఇనప కంచె మీదుగా ఆ బంతిని ఆమె చేతిలో పెట్టి, "ఏంటే అమ్మా, ఇంట్లోకన్నా ఎక్కువ తిట్టావు నన్ను!" అన్నాడు.