గొర్రె తోలు కప్పుకున్న గొర్రె

మిర్రంగా ఊళ్ళో, పచ్చిక మీద బంతులు దొర్లించే ఆటగాళ్ళ బౌల్స్ క్లబ్బు వెండి కప్పు అద్దాల బీరువాలోంచి మాయమైంది. దాని చోట ఒక ఉత్తరం ఉంది. క్లబ్బు అధ్యక్షురాలు నోర్మా దాన్ని బార్ దగ్గర నిలబడి గట్టిగా చదివింది.

"పది పెట్టెల బీరు పాత వంతెన కింద పెట్టండి. నా పువ్వులో చెవి పెట్టాలని చూశారో, చేతులు రాలగొట్టి పళ్ళలో పెడతా. నేను గొర్రె తోలు కప్పుకున్న గొర్రెను. జాగ్రత్త."

క్లబ్బు క్లబ్బంతా పగలబడి నవ్వింది. సామెతల కాళ్ళూ చేతులూ ఇంత ఘనంగా విరిచే మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే. గొర్రెల బొచ్చు కత్తిరించే పని నుంచి రిటైరైన ముసలి క్లారీ.

"ఈ ఉత్తరంలో క్లారీ సంతకమొక్కటే తక్కువ" అంది నోర్మా. "వెళ్ళి పట్టుకురా సార్జెంటూ. శనివారం ఫైనల్సుకి నా కప్పు నాక్కావాలి."

సార్జెంట్ డెస్ మాత్రం నవ్వలేదు. ఏడాదిన్నరగా ఊళ్ళో ఒక్క నేరమూ లేదు. నెలాఖరుకల్లా ఒక్క కేసైనా తేల్చకపోతే స్టేషన్ మూసేసి, తనను సిడ్నీ ట్రాఫిక్‌లో నిలబెడతామని పైవాళ్ళు తెగేసి చెప్పారు. నది, గాలం, పన్నెండేళ్ళ హాయి, అన్నీ పోతాయి. 

క్లారీ వరండాలో కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నాడు. డెస్ ఉత్తరం అతని చేతికిచ్చాడు.

"ఒప్పేసుకో క్లారీ. తమాషాకి చేశానను. జడ్జి నాలుగు చీవాట్లు పెట్టి వదిలేస్తాడు."

క్లారీ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "పువ్వులో చెవి నాదే. చేతులూ పళ్ళూ నావే. క్లబ్బులో రోజూ అంటూనే ఉంటా."

"చూశావా మరి."

"గొర్రె మాట మాత్రం క్లబ్బులో ఎప్పుడూ అనలేదబ్బాయ్. మొన్న గురువారం తాగి తూలుతుంటే నీ జీపులో ఇంటికి దింపావు చూడు, అప్పుడే మొదటిసారి నా నోట్లోంచి ఊడిపడింది. జీపులో మనిద్దరమేగా ఉన్నాం."

డెస్ టోపీ తీసి మెట్టు మీద కూలబడ్డాడు.

క్లారీ చివరి గుక్క తాగి, చొక్కా గుండీలు పెట్టుకుని లేచాడు.

"పద, ఒప్పుకుంటాలే. నువ్వు పోతే నన్ను ఇంటికి దింపేదెవరు? కాకపోతే ఆ కప్పు నేనెక్కడ దాచానో దారిలో నువ్వే చెప్పాలి."