ఎలుగుబంటి వేషం

"ఒళ్లు పెనంలా కాలిపోతుంటే ఆ బొచ్చు వేషంలో దూరతావా? మతి గానీ పోయిందా నీకు?" పార్కు వెనక గేటు దగ్గర మొగుడి చెయ్యి పట్టుకుని ఆపిందామె.

"ఈ ఒక్కరోజుకీ వదిలెయ్యవే. కొత్త భాగం తెరిచేది ఇవాళే. రానివాడు ఇక ఎప్పటికీ రానక్కర్లేదన్నాడు సూపర్‌వైజరు."

"పోతే పోనీ వెధవ ఉద్యోగం!"

"ఇంకోటి నువ్వు చూసిపెడతావా?" అతను చెయ్యి విడిపించుకున్నాడు.

"అయితే చావు! నాతో మాట్లాడకు" అనేసి ఆమె విసవిసా తన ఐస్‌క్రీం బండి వైపు నడిచింది.

పార్కు పెట్టి ఏడాది తిరగలేదు, అప్పుడే పక్క గోడ పడగొట్టి రెండింతలు చేశారు. నీళ్ల జారుళ్లూ, గుహలో రైలూ, ఆకాశాన్నంటే ఊయలా కొత్తగా వచ్చాయి. ఎలుగుబంటి మాత్రం ఒక్కటే. ఇకమీదట రెండు వైపులా అదే గెంతాలి.

మిట్టమధ్యాహ్నం జనాన్ని తోసుకుంటూ ఎలుగుబంటి ఆమె బండి ముందుకొచ్చింది. రోజూ అయితే ఆమె కేసి చూసి పొట్ట నిమురుకునేది. ఇవాళ చూడనైనా లేదు.

'అలక తీరలేదు కాబోలు మహానుభావుడికి' అనుకుందామె. అయినా ప్రాణం కుదుటపడింది. కాళ్ల మీద నిలబడ్డాడు, అదే చాలు. చుట్టూ ఓసారి చూసి, చల్లటి నీళ్ల సీసా ఆ బొచ్చు చేతిలో కుక్కింది.

"పొద్దున నోరు జారానులే. మనసులో పెట్టుకోకు. తొందరగా ఇంటికి పోదాం" అని గొణిగింది.

వేషంలో ఉన్నవాళ్లు నోరు విప్పకూడదు. ఎలుగుబంటి తలూపి వెళ్లిపోయింది. ఆ తలూపుతోనే ఆమె మనసు తేలికైంది. కూనిరాగం కూడా తీసింది.

ఇంకాసేపటికి రైలు దగ్గర పిల్లల కేకలు.

"ఎలుగుబంటి నిద్రపోయింది! నిద్రపోయింది!"

ఆమె బండి వదిలేసి పరుగెత్తింది. ఎలుగుబంటి వెల్లకిలా పడి ఉంది. ఒక బుడతడు పొట్ట మీదెక్కి ఊగుతుంటే వాళ్ల నాన్న ఫోటో తీస్తున్నాడు.

"లేవండర్రా! మనిషి చచ్చిపోతాడు!" పిల్లాణ్ణి దించేసి ఆమె ఎలుగుబంటి తల మీద చెయ్యి వేసింది.

"తియ్యకమ్మా! పిల్లలు జడుసుకుంటారు!" సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. వాచ్‌మన్‌తో కలిసి ఎలుగుబంటిని తెర వెనక్కి ఈడ్చుకెళ్లాడు. ఆమె వాళ్ల వెంటే దూరి, రెండు చేతులా ఆ తలని లాగి పారేసింది.

చెమటలో మునిగిన కుర్ర మొహం. ఎన్నడూ చూడని మనిషి. గాలి తగలగానే కళ్లు తెరిచి "నీళ్లు" అన్నాడు.

ఆమె తెల్లబోయింది. మరుక్షణం ఏడుపూ నవ్వూ కలగలిసి తన్నుకొచ్చాయి.

"అమ్మయ్య! నావాడు కాదు! ఎంత హడలగొట్టారండీ! అంటే నా మాట విని ఇంటికెళ్లి పడుకున్నాడన్నమాట!"

వాచ్‌మన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. సూపర్‌వైజరు కిందపడ్డ ఎలుగుబంటి తలని తీసి, దుమ్ము దులుపుతూ, నెమ్మదిగా అన్నాడు:

"సందడి అయ్యాక చెబుదామనుకున్నామమ్మా... రిబ్బన్ కత్తిరించకముందే, ఈ వేషంలోనే పోయాడు మీ ఆయన."