మెడ ఉండగా మీటెందుకు?

కోటిలింగాన్ని నిండా ముంచింది బావమరిది సాంబమూర్తే, ఇందులో రెండో మాట లేదు. సంతకాలు పోయి, లాప్‌టాప్ ముందు తల పక్కకు వాలిస్తే సరేనన్నట్టేనని చట్టం వచ్చిన రోజులవి.

ఒక మధ్యాహ్నం కోటిలింగం తెర మీద బొమ్మల కథ చదువుతుంటే ఒక పేజీ అడ్డంగా వచ్చింది.

"మీట నొక్కి తిప్పుకోండి," అంది భార్య.

"మెడ ఉండగా మీటెందుకే?" అంటూ తల వాల్చి చదవసాగాడు.

అంతలో తెర మూలన సాంబమూర్తి ముఖం వెలిగింది. "బావా, కాలవ కింది మాగాణి నా పేర రాసుకోనా?"

"చచ్చినా రాయను, పోరా!" అని అరిచాడు కోటిలింగం, మెడ ఎత్తకుండానే.

"అయ్యో, తల నిలబెట్టండి!" అని మొత్తుకుంది భార్య.

చట్టానికి నోటితో పనిలేదు. కథేమో మంచి పట్టులో ఉంది. పేజీ పూర్తిచేశాకే అతను మెడ ఎత్తాడు. అప్పటికే మాగాణి సాంబమూర్తి పేరుకు మారిపోయింది, ఎకరం పద్నాలుగు సెంట్లూ.